టోబర్‌మోరీ నీళ్లలో పాత ఓడ

జులైలో అమ్మను టోబర్‌మోరీ తీసుకెళ్లాను. టొరంటో నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. బ్రూస్ ద్వీపకల్పం కొసన ఉన్న చిన్న ఊరు. ఒకవైపు హ్యూరన్ సరస్సు, మరోవైపు జార్జియన్ బే.

అడుగున అద్దాలు బిగించిన పడవ ఎక్కాం. బిగ్ టబ్ రేవులో పడవ నెమ్మదించగానే మా కాళ్ల కింద స్వీప్‌స్టేక్స్ కనిపించింది. 1867లో కట్టిన కొయ్య తెరచాప ఓడ, 1885లో మునిగిపోయింది. లోతు ఆరేడు మీటర్లే. చల్లటి మంచినీరు, అందులో సముద్రంలోలా కొయ్యను తొలిచే పురుగులు ఉండవు, అందుకే ఇన్నేళ్లూ నిలిచింది. "పలకలు లెక్కపెట్టుకోవచ్చు, చూడవే" అంది అమ్మ. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. కృష్ణ ఒడ్డున పెరిగిన మనిషి, ఇంత తేటనీరు ఎప్పుడూ చూడలేదట.

ఫ్లవర్‌పాట్ దీవిలో పూలకుండీల్లాంటి రెండు రాతి స్తంభాలున్నాయి. అలలు కింది రాయిని కోసేయగా పైభాగం వెడల్పుగా మిగిలింది. నాకు మాత్రం ఓడే ఎక్కువ నచ్చింది.

గ్రోటో గుహకు వెళ్లాలనుకుంటే వేసవిలో పార్కింగు ముందే బుక్ చేసుకోండి. నీళ్లు జులైలోనూ గడ్డకట్టించేంత చలి. నేను మోకాళ్ల వరకే దిగాను.

సాయంత్రం రేవు దగ్గర బ్రూస్ ట్రెయిల్ ఉత్తరపు కొసను సూచించే రాళ్ల గుట్ట చూశాం. నయాగరా వైపు నుంచి సుమారు 900 కిలోమీటర్ల కాలిబాట అక్కడ ముగుస్తుంది. అమ్మ చెప్పులు విడిచి దాన్ని తాకింది.