తంబోపాత నది మీద మా పిల్లలు

ప్రవాసంలో పెరిగే పిల్లలకు రెండు చోట్లా పరీక్షే. ఊరికి తీసుకెళ్తే తెలుగు ఎంత వచ్చు, పద్యం చెప్పగలరా, పచ్చడి తినగలరా అని అందరూ ప్రేమగానే అడుగుతారు. డాలస్‌కు తిరిగొస్తే పరీక్ష మా వంతు: బడి సమావేశాల్లో మా ఉచ్చారణ విని పిల్లలు తలదించుకుంటారు. అందుకే, అందరికీ సమానంగా కొత్తదైన చోటుకు ఒక్కసారైనా కలిసి వెళ్లాలని పట్టుబట్టాను. అది అమెజాన్ అడవే కానక్కర్లేదు. మా అబ్బాయి బడిలో స్పానిష్ చదువుతున్నాడు కాబట్టి పెరూలోని అమెజాన్ అడవిని ఎంచుకున్నాం.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఎవరి సంచి వాళ్లే మోయాలన్నది ఇంట్లో పెట్టుకున్న నియమం. 3,400 మీటర్ల ఎత్తునున్న కుస్కో నగరం నుంచి విమానంలో దిగితే ప్యూర్తో మాల్దొనాదో. మాద్రే దె దియోస్, తంబోపాత నదులు కలిసే ఊరది. అక్కడి నుంచి పడవ.

పడవ బేరం మొదలుకొని మందుల దుకాణం దాకా అన్నిటికీ మా అబ్బాయే ముందు నిలబడ్డాడు. "నాన్నా, మీరు ఉండండి, నేను అడుగుతాను" అన్నాడు వాళ్ల నాన్నతో. ఇంట్లో మేము ఒక మాట తడబడితే విసుక్కునేవాడు, అక్కడ తన మాటలే తడబడుతుంటే, వినేవాళ్లు ఓపికగా ఆగుతుంటే, వాడి గొంతు మెత్తబడటం గమనించాను.

అడవి గురించి మాకు తెలిసిందంతా వాడి నోటి మీదుగానే. దారిలో కొబ్బరికాయంత గట్టి పెంకులు పడి ఉన్నాయి. బ్రెజిల్ నట్ కాయలవి. వానాకాలంలో 50 మీటర్ల ఎత్తు నుంచి రాలుతాయట. ఒక్కోటి 2 కిలోల వరకూ తూగుతుంది. అంత గట్టి పెంకును పళ్లతో కొరికి తెరిచేది కుందేలంతటి అగూటి అనే ఎలుకజాతి జంతువు. అది గింజలను అక్కడక్కడా పాతిపెట్టి కొన్నిటిని మరిచిపోతే, అవే మొలకెత్తుతాయి. పూలకు పరాగం చేర్చాలంటే రేకుల మూతను పైకెత్తగల పెద్ద తేనెటీగలు కావాలి. చుట్టూ అడవి కొట్టేసి చెట్టొక్కదాన్నే మిగిలిస్తే కాపు పడిపోతుంది. ఇదంతా మా వాడు సగం స్పానిష్‌లో, సగం చేతులతో అడిగి తెలుసుకుని, మాకు తెలుగులో చెప్పాడు. అంత తెలుగు వాడి నోట ఒక్కసారిగా నేనెప్పుడూ వినలేదు.

దక్షిణం నుంచి ఫ్రియాహె అనే చలిగాలి వచ్చి, ఉన్న బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకున్న రోజు కూడా ఉంది. వర్షారణ్యంలో వణుకుతామని ఎవరనుకుంటారు!

మా పడవ నడిపినాయన ఎసె ఎహా అనే అక్కడి ఆదివాసీ జాతివారు. తంబోపాత నదిని వాళ్లు బహువాహ అంటారు. 1996లో ఏర్పాటైన బహువాహ-సొనెనె జాతీయ వనానికి వాళ్ల నదుల పేర్లే పెట్టారు. ఒడ్డున తన తల్లితో ఆయన ఎసె ఎహా భాషలో మాట్లాడారు, పిల్లలతో స్పానిష్‌లో. మా అమ్మాయి అది పట్టేసింది. అన్నయ్యతో అడిగించింది: మీ పిల్లలకు నానమ్మ మాట వచ్చా? అర్థమవుతుంది, జవాబు మాత్రం స్పానిష్‌లో ఇస్తారు అన్నారాయన. "మాలాగే" అంది అమ్మాయి. ఆ మాటలో సిగ్గు లేదు, దిగులూ లేదు. మా ఇంటి సంగతి మా ఇంటి లోపమేనని ఇన్నాళ్లూ అనుకుంటున్న పిల్ల అది. ఇంత దూరంలో, నది ఒడ్డున, ఇంకో కుటుంబం అదే తేల్చుకోలేకుండా ఉందని తెలిశాక తనకు ఊపిరి ఆడినట్టయింది. నేను వందసార్లు చెప్పినా అంత నమ్మకం కలిగేది కాదు.

ప్యూర్తో మాల్దొనాదోకు తిరిగొచ్చాక పెద్దాపురంలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేశాం. అడవిలో ఏం తిన్నారే అంది. అన్నం, అరటికాయ వేపుడు, వేరుశనగలు, ఉడకబెట్టిన కర్రపెండలం అని చెప్పింది అమ్మాయి.

"అంత దూరం వెళ్లి మన తిండే తిన్నారా!"

"మనది కాదు అమ్మమ్మా. కర్రపెండలం ఇక్కడిదే, వేరుశనగ కూడా ఈ ఖండానిదే. తర్వాత మన దగ్గరికి వచ్చాయి."

కర్రపెండలంతో చేసే సగ్గుబియ్యం మిల్లుల మధ్య పుట్టి పెరిగిన మా అమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ దుంపను వాళ్లు ఎలా వండుతారు, చేదు రకం ఉంటుందా, విషం ఎలా తీస్తారు అని ఒకటే ప్రశ్నలు. అమ్మాయి తనకు వచ్చిన తెలుగుతోనే అన్నిటికీ జవాబు చెప్పింది.