లిల్లీ దుంపలు ఎక్కడ కొన్నానంటే

ఆదివారం, రాత్రి పది దాటింది.

మృగశిర కార్తె వచ్చేస్తోందని క్యాలెండర్ అంటోంది కానీ విశాఖ ఎండకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. పొద్దున్న ఎనిమిదికే డాబా గచ్చు మీద కాలు పెట్టలేకపోయాను. ఏప్రిల్లో ఎండిపోయిన చామంతుల మోళ్ళు పీకి పారేశాక గ్రో బ్యాగులన్నీ నెల రోజులుగా బోడిగా నా మొహం చూస్తున్నాయి. ఈసారి దుంపలే పెడతానని ఎప్పుడో అనుకున్నా, ఎక్కడ కొనాలన్న దగ్గరే ఆగిపోయాను.

ఆగడానికి కారణం ఉంది. పోయినేడు ఆన్‌లైన్‌లో అమరిల్లిస్ లిల్లీ ఆరు రంగుల ప్యాక్ తెప్పించాను. ఫోటోలో నీలం రంగుది కూడా ఉంది, అప్పుడే అనుమానం రావాల్సింది, అమరిల్లిస్‌లో నీలం ఎక్కడిది? ప్యాకెట్ వారం రోజులు ఎక్కడెక్కడో తిరిగి వచ్చింది, విప్పగానే కుళ్ళు వాసన. మూడు చేతిలోనే పచ్చడైపోయాయి, దుంప తెగ అని తిట్టుకుందామంటే తెగడానికి దుంపైనా మిగల్లేదు. బతికిన మూడూ మొన్న ఏప్రిల్లో పూశాయి, మూడూ ఒకటే ఎరుపు, మా కాలనీలో ఎవరింటి గోడవారన చూసినా ఊరికే మొలుస్తుందే, అదే. పక్క ఫ్లాట్ ఆంటీ చూసి "అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదమ్మా" అన్నారు. ఏం చెప్పను.

అయినా దుంపలంటే నాకు ఎందుకంత పిచ్చి అంటే హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12, అది కూడా ఆదివారమే. అప్పుడు పెదవాల్తేరులో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. తెల్లారి చూస్తే పెరట్లో బాదం చెట్టు పక్కింటి గోడ మీద పడి ఉంది, కుండీలు ఎవరివి ఎవరింట్లో ఉన్నాయో తెలీదు, నిలబడ్డ చెట్లకి కూడా ఆకన్నది లేదు, ఊరంతా కాల్చినట్టు గోధుమరంగులో ఉంది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాల ప్యాకెట్టు కోసం క్యూ. ఆ వారంలోనే ఒక పొద్దున్న, కూలిన పెంకుల సందులోంచి గులాబీ రంగు వాన లిల్లీలు ఓ పదిహేను లేచి నిలబడ్డాయి. భూమి లోపల ఉన్నవాటిని గాలి ఏం చేస్తుంది? బకెట్ పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడి వాటినే చూస్తూ ఉండిపోయాను.

సరే, ఈ ఏటి సంగతి. హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయి తులిప్‌లు పెట్టమంటుంది. శ్రీనగర్ తులిప్ తోట రీల్స్ చూసింది, దాల్ సరస్సు పక్కన, కొండ కింద, వరసలు వరసలుగా. అక్కడ మంచు కురుస్తుంది తల్లీ, తులిప్ దుంపకి మూడు నాలుగు నెలలు గట్టి చలి తగిలితే గానీ లోపల మొగ్గ సరిగ్గా కదలదు అని చెప్పాను. ఫ్రిజ్‌లో పెట్టు అంది. పెట్టొచ్చు, పెట్టేవాళ్ళున్నారు, కానీ మగ్గే పళ్ళ నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువు ఆ లోపలి మొగ్గని చంపేస్తుందట, మా ఫ్రిజ్‌లో ఇప్పుడు బంగినపల్లి తప్ప ఇంకోటి లేదు. తులిప్ కోసం మామిడిపండ్లు బయట పెట్టే ఇల్లు కాదు ఇది.

రాజమండ్రిలో ఉండే మా మరిది "కడియం వెళ్ళి తెచ్చేస్తాను వదినా, ఎన్ని కావాలి" అన్నాడు. కడియపులంక నర్సరీల్లో దొరకనిది ఉండదు, ఆ మాట నిజమే, కాలవ గట్టున నడుస్తుంటే ఏది చూడాలో తెలీదు. కానీ మరిదికి లిల్లీ అంటే లిల్లీయే. అతని తప్పు కూడా కాదు. నేల సంపెంగనీ లిల్లీ అంటాం, వాన లిల్లీనీ లిల్లీ అంటాం, అమరిల్లిస్‌నీ, సాలీడులా ఉండే తెల్లదాన్నీ, మే నెలలో బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీనీ అదే పేరుతో పిలుస్తాం. వీటిలో ఒక్కటీ అసలు లిల్లీ జాతి కాదు. వాన లిల్లీ, అమరిల్లిస్ అయితే మన ఉల్లిపాయ కుటుంబమే. మరిది ఒక బస్తా ఏదో తెస్తాడు, నేను కాదనలేను, అది పూసేదాకా ఇద్దరికీ టెన్షన్. వద్దన్నాను.

నిన్న సాయంత్రం మధురవాడ వైపు ఒక నర్సరీకి వెళ్ళాం. చల్లగా, షేడ్ నెట్ కింద బాగుంది, ఈయన కూడా విసుక్కోకుండా తిరిగారు. అమరిల్లిస్ దుంపలు ప్లాస్టిక్ ట్రేలో ఆరబెట్టి ఉన్నాయి. ఏ రంగు అన్నాను, తెలుపు మీద ఎర్ర చారలు మేడమ్ అన్నాడు కుర్రాడు. పువ్వుందా అంటే ఫోన్ తీసి ఫోటో చూపించాడు. మళ్ళీ ఫోటోయే! కాకపోతే ఇక్కడ చేత్తో నొక్కి చూడొచ్చు. గట్టిగా, సైజుకి మించి బరువుగా ఉండాలి, అడుగున వేర్లు వచ్చే గుండ్రటి చెక్క పొడిగా ఉండాలి, మెడ దగ్గర బూజు ఉండకూడదు. ఆ లెక్కన మూడు ఏరుకున్నాను, ఒక్కోటి 90 రూపాయలు. చారలు వస్తే అదృష్టం. అదే దుంపలతో ఉన్న చిక్కు, మొక్క కొంటే పువ్వు చూసి కొంటాం, చీర కొంటే మడత విప్పి చూస్తాం, దీన్ని మాత్రం అమ్మేవాడి మాట మీద కొనాలి.

నాకు అసలు కావాల్సింది నేల సంపెంగ, అంటే దండల్లో కట్టే లిల్లీ. అది నర్సరీలో చిన్న కవర్లో మొలకెత్తినదే ఉంది, ఆకులు పసుపెక్కి. తీసుకోలేదు, ఎందుకంటే ఎంవీపీ రైతుబజారు బయట పూలమ్మే పిన్నిని పోయిన వారమే అడిగి ఉంచాను. వాళ్ళ ఊరు సబ్బవరం అవతల. తమ్ముడికి లిల్లీ తోట ఉందట, మూడేళ్ళయిందని ఈ వేసవిలో తవ్వించేస్తున్నాడట. లిల్లీ తోట అంతే, ఒకసారి పూసిన దుంప మళ్ళీ పూయదు, దాని చుట్టూ పుట్టిన పిల్ల దుంపలు పూస్తాయి, అలా రెండు మూడేళ్ళకి గుంపు కిక్కిరిసిపోయి పువ్వు చిన్నదైపోతుంది, అప్పుడు తవ్వి విడదీసి మళ్ళీ పెట్టుకోవాలి.

ఇవాళ పొద్దున్న వెళ్ళేసరికి, చేపల వేట నిషేధం ఇంకా వారం ఉంది కదా, ఆదివారం రద్దీ అంతా కూరగాయల వైపే ఉంది. పిన్ని బుట్ట వెనక నుంచి మట్టితో సహా గోనె సంచి లాగింది. "సింగిలేనా పిన్నీ, డబలా?" అన్నాను, అంటే ఒంటి వరస రెక్కలదా, ముద్ద పువ్వా అని. "సింగిలే అమ్మా, వోసన దీనికే ఉంటాది. డబలు బొకేలోళ్ళు అట్టుకెల్తారు" అంది. రకం పేరు అడిగితే "లిల్లీయే మరి, పేరేటి" అని నవ్వింది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ ప్రజ్వల్ అని ఒక సింగిల్ రకం ఉంది, మొగ్గ మీద లేత గులాబీ ఛాయ ఉంటుంది, నాకు అది కావాలని ఉంది. మొగ్గ ఎలా ఉంటుంది అన్నాను. ఆవిడ మాట్లాడకుండా బుట్టలో విడి పూలు కొన్ని తీసి నా అరచేతిలో పోసింది. నిన్న సాయంత్రం కోసినవి, ఇంకా తవ్వని మళ్ళలోవి. విచ్చుకోని మొగ్గల కొసన సన్నగా గులాబీ. ఫోన్ లేదు, ఫోటో లేదు, పువ్వూ దుంపా రెండూ ఒకే తోటవి, ఒకే మనిషి దగ్గర. కిలో 100 అంటే బేరం ఆడాలనిపించలేదు. ఈయనే అలవాటు కొద్దీ "80కి ఇవ్వమ్మా" అన్నారు, ఆవిడ వినిపించుకోలేదు. అర కిలో తీసుకున్నాను, పైన ఒక మూర కట్టిన లిల్లీ కొసరు వేసింది.

ఇంటికొచ్చి సంచులు వంటింటి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి ఈయన ఉప్మా చేద్దామని చాలా ఉత్సాహంగా నర్సరీ దుంప ఒకటి పైపొర ఒలిచేసి కత్తిపీట ముందు కూర్చుని ఉన్నారు. ఒక్క అరుపు అరిచాను. అమరిల్లిస్ దుంపలో లైకోరిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులే. "ఉల్లిపాయలానే ఉంది కదా, నువ్వే కుటుంబం ఒకటే అన్నావు" అంటారు. అన్నాను. తినమన్నానా.

సాయంత్రం ఐదున్నర తర్వాత నాటడం మొదలుపెట్టాం. మనది బంకలా పట్టేసే ఎర్రమట్టి, దానికి సగానికి సగం ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపాను. కింది వాచ్‌మన్ బీచ్ నుంచి రెండు బకెట్ల ఇసుక తెచ్చేస్తానన్నాడు, ఉప్పుకి దుంప చస్తుందని చెప్పి ఆపాల్సి వచ్చింది. లిల్లీ దుంపలు 26 లెక్కకొచ్చాయి, రెండు మెత్తగా ఉంటే పారేశాను. ఆరు బ్యాగుల్లో మూడేసి చొప్పున, రెండు అంగుళాల లోతు. అమరిల్లిస్‌లు మెడ బయటికి కనిపించేలా మూడు కుండీల్లో, ఒలిచినదానికి ముందు కాస్త పసుపు పూశాను, పనిచేస్తుందో లేదో తెలీదు, మా అమ్మ దేనికైనా అదే రాస్తుంది. నీళ్ళు ఒక్కసారే పోశాను, మొలక కనపడేదాకా చేతులు కట్టేసుకోవాలి, ఎక్కువ నీళ్ళే వీటికి యముడు. అన్నీ కుదిరితే దసరా నాటికి లిల్లీ కాడలు లేవాలి.

మిగిలిన ఆరు లిల్లీ దుంపలు పాత పేపర్లో చుట్టి వంటింటి అటక మీద పెట్టాను. ఇందాక మంచినీళ్ళకి వెళ్ళి చూస్తే ఆ పొట్లం మీద ఈయన చేతిరాత, నల్ల మార్కర్‌తో పెద్ద అక్షరాలు, "ఉల్లిపాయలు కావు".