వేలిముద్రల రిజిస్టరు

నవంబరు మొదటి సోమవారం. రాత్రి 10 దాటింది.

పొద్దున్నుంచి ఒకటే ముసురు. మా ఒంగోలుకి అసలు వానలు పడేదే ఈ నెలల్లో కాబట్టి దాన్ని తప్పు పట్టడానికి లేదు. ఆ సంగతి మోకాళ్ళకి ఎవరు చెప్తారు? ఆరింటికి లేచి పాలు పొయ్యి మీద పెట్టి, మర్చిపోయి, పొంగించాను.

ఇవాళ లోకంలో ఉన్న బాప్టిస్టు స్త్రీలంతా కలిసి ప్రార్థన చేసే రోజు. ఏటా నవంబరు మొదటి సోమవారమే. నలభై ఏళ్ళ పైచిలుకు ఈ రోజు తెల్లారిందంటే నాకు టెన్షనే. టీపొడి ఎవరు తెస్తారు, కానుక సంచి ఎక్కడుంది, పాస్టరమ్మగారు ఊళ్ళో ఉన్నారా లేదా. 1981లో స్త్రీల సమాజానికి నన్ను సెక్రటరీని చేశారు, మొన్న జూన్‌లో దిగిపోయాను. ఈసారి ఆ టెన్షన్ ఇంకొకరిది. పాలు అందుకే పొంగాయేమో, చూసుకోవడానికి వేరే పనేమీ లేక.

పదింటికి కొత్త సెక్రటరీ వచ్చింది. వార్డు సచివాలయంలో ఉద్యోగం, ఇవాళ సెలవు పెట్టుకుంది. నా మనవరాలి ఈడు పిల్ల, అయినా నన్ను ఆంటీ అంటుంది. నేనూ వద్దనలేదు.

"వందనాలు ఆంటీ. పాత పుస్తకాలన్నీ ఒకసారి ఇస్తే ఫొటోలు తీసి దాచిపెడతాను" అంది.

మంచం కిందున్న ట్రంకు పెట్టె తనే బయటికి లాగింది. కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. ఆరు పుస్తకాలున్నాయి. అన్నిటికంటే అడుగునున్నది మా అత్తగారి కాలం నాటి హాజరు పుస్తకం. పొగాకు కంపెనీలో లెక్కలు రాసే పొడుగాటి పుస్తకం అది, సగం వాడేసింది ఎవరో తెచ్చి ఇస్తే మిగతా సగంలో మా వాళ్ళు హాజరు వేసుకున్నారు. ఎడమవైపు అప్పటి పాస్టరుగారి దస్తూరీలో పేర్లు, కుడివైపు వరసగా వేలిముద్రలు. ముగ్గురు మరియమ్మలు, ఇద్దరు శాంతమ్మలు, ఒక రూతమ్మ. మా అత్తగారి ముద్ర ఏదో నాకు పేరు చదవకుండానే తెలుస్తుంది. ఆమె బొటనవేలి మీద కొడవలి గాటు ఒకటి అడ్డంగా ఉండేది. ముద్రలో అది తెల్లగీతలా పడింది.

నేను 1972లో కోడలిగా వచ్చేసరికి మా పేటలో ఆడవాళ్ళలో సగానికి పైగా పొగాకు గ్రేడింగుకి, అంటే ఆకుని రకాలుగా ఏరే పనికి, వెళ్ళేవాళ్ళు. గురువారం రాత్రి ఎనిమిదింటికి కూడిక. పని నుంచి వచ్చి, నాలుగు మెతుకులు వండి, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చేవాళ్ళు. గుడిలోకి ముందు పొగాకు వాసన వచ్చేది, తర్వాత మనుషులు. ఆ చేతులతో బైబిలు ముట్టుకోకూడదని ఒక పెద్దామెకి పట్టింపు. సబ్బుతో ఎన్నిసార్లు రుద్దినా వాసన పోదు కదా, పాపం ఆమె బైబిలు ఎప్పుడూ పక్కనున్నవాళ్ళే పట్టుకునేవాళ్ళు. ఈ కాగితాలకి ఇప్పటికీ పొగాకు వాసన ఉందని నేనంటే, కొత్త సెక్రటరీ పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని, "కలరా ఉండల వాసనే ఆంటీ" అంది.

మిషను బోర్డింగులో ఉండి ఎనిమిది చదివాను నేను. కోడలికి చదువొచ్చని తెలియగానే పలకలు నా మెడకి చుట్టారు. ముందు ఎవరి పేరు వాళ్ళు రాయడం, ఆ తర్వాత ఒక చిన్న కీర్తన చదవడం నేర్పుదామని నా లెక్క. వాళ్ళ లెక్క వేరు. "పేరు తర్వాత, ముందు అంకెలు చెప్పమ్మా" అన్నారు. ఎన్ని కిలోలు తీశారో మేస్త్రీ చెప్పిందే లెక్క మరి. అంకెలు నేర్చుకున్న వారానికి ఒకామె కాటా దగ్గర నిలబడి "అయ్యా, అది 17, 11 కాదు" అందట. కూడికలో దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకోవడాన్ని మేము సాక్ష్యం అంటాం, ఆ గురువారం ఆమె చెప్పిన సాక్ష్యం అదే. కొంతమంది ఇదేం సాక్ష్యమని గొణిగారు. నా వరకూ నేను విన్న మంచి సాక్ష్యాల్లో అదొకటి.

సంతకాలు ఒక్కటొక్కటే వచ్చాయి. రెండో పుస్తకంలో 1975 దగ్గర ఒకటి, ఆ ఏడు చివరికి నాలుగు. 'మ' రాయడం రాక ఒక మరియమ్మ చాలా కాలం 'రియమ్మ'గానే ఉండిపోయింది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాతి గురువారం సంతకాలూ లేవు, వాక్యమూ లేదు. ఎవరెవరు ఏం ఇచ్చారో అదే రాసి ఉంది, పాత చీరలు, పిడికెడు బియ్యం, ఒక ఇత్తడి చెంబు.

పిడికెడు బియ్యం గురించి కొత్త సెక్రటరీకి చెప్పాల్సి వచ్చింది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డాల్డా డబ్బాలో వెయ్యడం, వారానికోసారి అందరివీ కలిపి అమ్మడం. అన్నం చాలని ఇళ్ళలో కూడా తీసేవాళ్ళు. "ఇప్పుడు ఫోన్‌పే చేసేస్తున్నాం కదా ఆంటీ" అంది. నిజమే. ఫోన్‌పేలో ఒక సుఖముంది, పురుగు పట్టదు.

మధ్యలో టీ పెట్టాను. ఈసారి పాలు పొంగలేదు.

ఈ పిల్లకి ప్రార్థన కొండ సంగతి తెలుసా అని అడిగాను. "జనవరి 1 తెల్లారుజామున ఎక్కుతాం కదా" అంది. అసలు మొదట ఎవరు ఎక్కారంటే, మిషనరీ జ్యూవెట్ దొరగారు అని ఆగింది. అందరూ అక్కడే ఆగుతారు. 1854 జనవరి 1న, ఒంగోలులో మిషనే లేని రోజున, ఆ కొండ మీద మోకరించింది ఐదుగురు. జ్యూవెట్ దొరగారు, దొరసానిగారు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. నర్సు అంటే ఆస్పత్రి నర్సు అనుకుంటున్నారు ఈ కాలం పిల్లలు, అది ఒక మగమనిషి పేరు. అంటే ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళలో ఇద్దరు మన తెలుగు ఆడవాళ్ళు. ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని వాళ్ళు ఆ రోజు అడిగితే క్లౌ దొరగారు వచ్చి ఇక్కడ కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారన్న అంకె మా సండేస్కూలు పిల్లలు ఎక్కాల కంటే ముందు చెప్తారు. ఐదులో ముగ్గురు అన్న లెక్క మాత్రం ఎవరికీ రాదు. వార్షికోత్సవాల్లో ప్రతిసారీ నేను ఆ లెక్క చెప్పేదాన్ని, సంఘ పెద్దలు ప్రతిసారీ దగ్గేవాళ్ళు.

నాలుగో పుస్తకంలో 1992. పక్కనే నెల్లూరు జిల్లాలో, దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారని అక్షరాస్యత క్లాసుల వాళ్ళు చెప్పుకుంటుంటే మా దాకా వచ్చింది. ఆ వారం మినిట్సులో నేను రాసింది ఒక్క ముక్క: "ప్రార్థన అంశం: సారా." ఆ రాత్రి ప్రార్థన అయ్యాక ఇళ్ళకి పోకుండా ముప్ఫై మందిమి సారా కొట్టు ముందు కూర్చున్నామనీ, ఏనాడూ గుడి గుమ్మం తొక్కని ముస్లిం ఇంటి ఆడవాళ్ళు, రెడ్ల ఇళ్ళలోంచి ఇద్దరు కూడా వచ్చి చాప పరిచారనీ రాయలేదు. "రాజకీయాల్లోకి పోకండమ్మా, ప్రార్థన చేసుకోండి చాలు" అని ఒక పెద్దాయన అన్నారు. చేసుకునే వచ్చామండీ అన్నాను. మరుసటి ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు. ఆ తర్వాత డ్వాక్రా గ్రూపులొచ్చి మా వాళ్ళందరినీ ఎత్తుకుపోయాయి. వాళ్ళ మీటింగూ గురువారమే పెట్టారు. లెక్కలు రాయడం వచ్చిన ఆడవాళ్ళు కావాలంటే మా పేటలోనే దొరికేవాళ్ళు మరి. కోపం వచ్చింది, గొప్పగానూ ఉంది.

ఇక ఐదో పుస్తకం. ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడే టీ చల్లారిపోతుందని చెప్పి పక్కన పెట్టించి ఉంటే సరిపోయేది.

పేజీలు తిప్పుతూ ఆగింది. "ఆంటీ, ఈమె ముందంతా చక్కగా సంతకం పెట్టింది కదా. 1996 సెప్టెంబరు నుంచి వేలిముద్రేంటి? చెయ్యి నొప్పా?"

"ఊఁ, నొప్పే" అన్నాను.

నొప్పి ఎవరిదో ఇప్పుడు రాస్తున్నాను.

ఆమె మా ట్రెజరర్. నేను వదినా అనేదాన్ని, ఆమె నన్నూ వదినా అనేది. పలక మీద నా చెయ్యి పట్టుకుని పేరు నేర్చుకుంది. 'ళ' కూడా తప్పు లేకుండా రాసేది. 1996 మార్చిలో బియ్యం అమ్మిన డబ్బు 640 రూపాయలు కనపడలేదు. మహాసభకి బస్సు ఛార్జీల కోసం దాచినవి. ఆమె ఇచ్చానంది, నేను తీసుకోలేదన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. కూడికలో అందరి ముందూ లేచి, "ట్రెజరర్ దగ్గర లెక్క తేలలేదు" అన్నాను. మినిట్సులోనూ రాశాను. ఆ అక్షరాలు ఇంకా ఉన్నాయి, నావే, గుండ్రంగా. ఆమె కూడికకి రావడం మానేసింది.

ఆగస్టులో వానకి గోడ చెమ్మెక్కి పుస్తకాలు ఎండబెడుతుంటే, పాటల పుస్తకానికి నేనే వేసిన అట్ట మడతలో 640 ఉన్నాయి. అప్పటికప్పుడు వాళ్ళింటికి పరిగెత్తాను. ఆమె వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "అన్నం తిన్నావా వదినా?" అంది. తినలేదంటే పెట్టింది. చింతపండు పచ్చడి, మజ్జిగ.

తర్వాతి వారం కూడికలో నేనేం చేశానంటే, "లెక్క తేలింది" అన్నాను. అంతే. డబ్బు ఎక్కడ దొరికిందో, ఎవరు పెట్టి మర్చిపోయారో చెప్పలేదు. పుస్తకంలోనూ ఆ రెండు మాటలే. సెప్టెంబరులో ఆమె మళ్ళీ వచ్చింది. హాజరు పుస్తకం ముందుకి జరిపితే పెన్ను అందుకోలేదు. సిరా పెట్టె తెమ్మంది. అప్పటికి ఆ సిరా పెట్టె అవసరమే లేకపోయింది, ఎక్కడో మూల నుంచి వెతికి తెచ్చాం. వేలు అద్ది ముద్ర వేసింది. నేను చూస్తున్నానని తెలుసు.

"రాత అయితే ఎవరైనా అనుమానపడతారు వదినా, వేలయితే పడరు" అంది, నవ్వుతూనే.

2009లో పోయేదాకా అంతే. డ్వాక్రా పుస్తకంలో, బ్యాంకులో సంతకం పెట్టేది. నా పుస్తకంలో మాత్రం వేలు.

సాయంత్రం కూడికకి వానలో పదకొండు మందిమి వచ్చాం. కొత్త సెక్రటరీ బాగా నడిపింది. హాజరుకి పుస్తకం లేదు, వాట్సాప్ గ్రూపులో వచ్చినవాళ్ళు బొటనవేలి బొమ్మ పెట్టాలంట. ఇంత కష్టపడి నేర్పితే మళ్ళీ వేలి దగ్గరికే వచ్చామని అంటే అందరూ నవ్వారు. నేనూ పెట్టాను. నా వేలు లావు కదా, ముందు ఏడుపు బొమ్మ పడి, చెరిపి మళ్ళీ పెట్టాను.

ఇందాక తొమ్మిదింటికి ఫోను మోగింది. ఆ పిల్ల పొద్దున తీసిన ఫొటోలన్నీ గ్రూపులో పెట్టేసింది. ఐదో పుస్తకం కూడా. హైదరాబాదులో ఉంటున్న మా వదిన కూతురు ఆ పేజీ కింద రాసింది: "అది మా అమ్మ వేలు. అమ్మకి సంతకం వచ్చు కదా అత్తా?"

ఫోను ఛార్జింగుకి పెట్టాను. వాన ఇంకా తగ్గలేదు. ఆ అమ్మాయి పడుకునేది ఆలస్యంగానే, పదకొండు దాకా మెలకువగానే ఉంటుంది. కళ్ళజోడు తుడుచుకుని, టైపు చెయ్యడం కంటే ఫోను చెయ్యడమే నయమేమో చూస్తాను.