అంచు మీది అంకెలు

ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక స్నేహితుడు నెగటివ్‌లు పట్టుకొచ్చాడు. హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు-తెలుపు ఫిల్మ్ రోలు. ఫ్రేములన్నీ పల్చగా ఉన్నాయి. నీడలున్న చోట ఏమీ లేదు, ఉత్త ఫిల్మే. "డెవలపర్ పాడైనట్టుందిరా. ఈసారి ఇంకో ఐదు నిమిషాలు ఉంచేస్తా" అన్నాడు. డెవలపర్ అంటే ఫిల్మ్ మీద బొమ్మని పైకి తెచ్చే ద్రావణం.

నేను ముందు బొమ్మలు చూడను, అంచు చూస్తాను. అక్కడుండే ఫిల్మ్ పేరు, ఫ్రేము అంకెలు ఫ్యాక్టరీలోనే వెలుతురుతో అచ్చవుతాయి. మన కెమెరాకీ వాటికీ సంబంధం లేదు. అవి బయటపడేది మాత్రం మనం ఫిల్మ్ కడిగే ట్యాంకులోనే. అంకెలు కూడా వెలిసిపోయినట్టుంటే టైమునో, టెంపరేచర్‌నో, డెవలపర్‌నో అనుమానించాలి. అంకెలే లేకుండా ఫిల్మ్ మొత్తం తేటగా ఉంటే డెవలపర్ చచ్చిపోయి ఉండాలి, లేదా డెవలపర్ తర్వాత పొయ్యాల్సిన ఫిక్సర్, అంటే బొమ్మని నిలబెట్టే ద్రావణం, ముందే పడి ఉండాలి. అంకెలు బాగుండి బొమ్మ ఒక్కటీ లేదంటే చాలాసార్లు ఫిల్మ్ కెమెరాలో తిరిగి ఉండదు.

వాడి రోల్లో అంకెలు నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. ఐడీ-11 అనే డెవలపర్‌లో ఒకటికి ఒకటి నీళ్ళు కలిపి, 20 డిగ్రీల్లో 13 నిమిషాలు, ప్రతి నిమిషం 10 సెకన్లు ట్యాంకు తిప్పాడట. అందులో వంక పెట్టడానికేమీ లేదు. ఫిల్మ్‌కి చేరిన వెలుతురే తక్కువ.

అలాంటప్పుడు టైము పెంచితే మంచి ఫిల్మ్ కూడా చెడుతుంది. వెలుతురు తగలని చోట డెవలపర్‌కి పట్టుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి నీడలు పెద్దగా మారవు. ఆకాశం, తెల్ల గోడలు మాత్రం నెగటివ్‌లో ఇంకా నల్లబడతాయి, కాంట్రాస్ట్ పెరుగుతుంది, గ్రెయిన్, అంటే బొమ్మలోని రవ్వలు, మోటుగా తేలుతుంది. నీడల సంగతి ఎక్స్‌పోజర్ దగ్గర, అంటే ఫిల్మ్‌కి వెలుతురు ఇచ్చేటప్పుడే తేలాలి, హైలైట్ల (వెలుగు ఎక్కువున్న చోట్ల) సంగతి డెవలప్‌మెంట్ దగ్గర. ఈ పనిలో నేను అన్నిటికంటే గట్టిగా నమ్మేది ఇదే.

ఇక కెమెరా. బ్యాటరీ మూత తీస్తే సంగతి అర్థమైంది. అది 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్ కోసం చేసిన పాత మోడల్. ఆ సెల్స్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది, అదే సైజులో దొరికే ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు. కొన్ని కెమెరాల సర్క్యూట్ ఆ తేడాని సర్దుకుంటుంది. ఇది సర్దుకోదు. వోల్టేజి ఎక్కువైతే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఉన్నదానికంటే ఎక్కువ వెలుతురుందని చూపిస్తుంది, మనం అపర్చర్, అంటే లెన్సులోని రంధ్రం, మూసేస్తాం.

మేడ మీదికెళ్ళి చూశాం. మంచి ఎండ. ఐఎస్ఓ 400 (ఫిల్మ్ వేగం) ఫిల్మ్‌కి అపర్చర్ ఎఫ్/16 దగ్గర సెకనులో 500వ వంతు చాలు. వాడి మీటరు ఇంకా చిన్న రంధ్రమైన ఎఫ్/22 దాటించమంటోంది. ఒక స్టాపు పైనే తేడా, అంటే చేరే వెలుతురు సగం కంటే తక్కువ! మీటర్ సరిగా ఉన్న నా కెమెరాతో నీడలో ఉన్న గోడ మీద పోల్చినా అంతే వచ్చింది.

"అయితే ఐఎస్ఓ 160 పెట్టేసి తీస్తే సరిపోతుందిగా?" అన్నాడు. ఫిల్మ్ నెమ్మదిదని మీటరుని నమ్మించి ఎక్కువ వెలుతురు ఇప్పించడమన్నమాట. రెండు రోజులకైతే సరే. కానీ ఆల్కలైన్ సెల్ వాడేకొద్దీ వోల్టేజి పడిపోతుంటుంది, ఈవాళ్టి లెక్క వచ్చే నెలకి పనికిరాదు. వినికిడి యంత్రాల్లో వేసే జింక్-ఎయిర్ సెల్ దాదాపు 1.4 వోల్టులు ఇస్తుంది, అయిపోయేదాకా నిలకడగా ఉంటుంది. 675 నంబరుది తెచ్చుకుని, చుట్టూ వదులు లేకుండా ఒక రింగు వెయ్యమన్నాను. సెల్ మీది స్టిక్కర్ పీకాక కొన్ని వారాలకే ఎండిపోతుంది కాబట్టి ఒకటి అదనంగా ఉంచుకోవాలి.

పల్చటి రోల్లో వాళ్ళమ్మ ఫోటో ఒకటుంది. కిటికీ పక్కన కూర్చున్నారు. ముఖంలో వివరాలు బాగానే ఉన్నాయి, జుట్టు మాత్రం పోయింది. ప్రింటులో కాంట్రాస్ట్ పెంచే గ్రేడ్ 4 ఫిల్టర్‌తో మొదలుపెట్టి, చాలకపోతే 5కి వెళ్ళాలి. బుధవారం సాయంత్రం ప్రింటు చేద్దామనుకున్నాం.