టెర్మినల్ మారిందన్న మాట ఎక్కడ చేరాలి

2025 ఏప్రిల్ 15న ఢిల్లీ విమానాశ్రయంలో టెర్మినల్ 2ను మరమ్మతుల కోసం మూసేశారు. 1986 నాటి భవనం అది. అక్కడి నుంచి ఎగిరే ఇండిగో, ఆకాసా ఎయిర్ విమానాలు టెర్మినల్ 1కి మారాయి. అంతకు పది నెలల ముందే, 2024 జూన్ 28 తెల్లవారుజామున, టెర్మినల్ 1 బయట పైకప్పు కూలి ఒకరు చనిపోయారు. అప్పుడు అక్కడి విమానాలను టెర్మినల్ 2కి, 3కి పంచారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్లీ వెనక్కి తెచ్చారు. 2025 అక్టోబరు 26న టెర్మినల్ 2 తిరిగి తెరుచుకుంది, కొన్ని విమానాలు మళ్లీ అక్కడికి వెళ్లాయి. ఏడాదిన్నర లోపు నాలుగు మార్పులు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నెలకోసారి ఢిల్లీ వెళ్లొచ్చే ఉద్యోగికి "పోయినసారి ఇక్కడే ఎక్కాను కదా" అన్న ధీమా ఆ ఏడాదిన్నరలో ఎందుకూ పనికిరాలేదు.

విమానాశ్రయంలో పెద్ద మరమ్మతులు జరిగేటప్పుడు ప్రయాణికుణ్ణి దెబ్బతీసేది చాలాసార్లు పాత సమాచారమే. కొత్త కబురు ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది. దాని పక్కనే పాతది కూడా బతికి ఉంటుంది: ఫోన్‌లో దాచుకున్న టికెట్‌లో, డ్రైవరు అలవాటులో, మ్యాపులో, రోడ్డు మీది బోర్డులో. కొత్తది ప్రకటించడానికి పెట్టే శ్రమలో సగమైనా పాతదాన్ని చెరిపేయడానికి పెట్టాలి.

ఢిల్లీలో టెర్మినల్ 2, 3 ఇరుగుపొరుగు. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లొచ్చు. టెర్మినల్ 1 మాత్రం రన్‌వేలకు అవతలి పక్క ఉంది. రోడ్డు మీద చుట్టూ తిరిగి కిలోమీటర్లు పోవాలి. మెట్రో కూడా వేరే: టెర్మినల్ 1కి మెజెంటా లైను, 2కీ 3కీ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైను. కాబట్టి 2కీ 3కీ మధ్య పొరపాటు పడితే పది, పదిహేను నిమిషాల నడకతో సరిపోతుంది, దాన్ని ఒక మంచి బోర్డు సరిదిద్దగలదు. 1కీ 2కీ మధ్య పొరపాటు పడితే విమానమే పోవచ్చు. దాన్ని ఏ బోర్డూ సరిదిద్దలేదు, ఆ మాట ఇల్లు కదలకముందే చేరాలి. పైగా మన దేశంలో టెర్మినల్ గుమ్మం దగ్గరే సీఐఎస్‌ఎఫ్ వాళ్లు టికెట్, గుర్తింపు కార్డు చూస్తారు. తప్పు టెర్మినల్‌కి వచ్చిన మనిషి లోపలికే రాలేడు. లోపల ఎన్ని తెరలు పెట్టినా అతనికి కనిపించవు. సాయం చేసే బల్ల గుమ్మం బయట, కార్లు ఆగేచోట ఉండాలి. ఇంకో టెర్మినల్‌కి వెళ్లే బస్సు ఆ బల్లకు కనుచూపు మేరలో ఆగాలి.

ఇంటి దాకా కబురు పంపే సాధనం ఇప్పటికీ ఎస్సెమ్మెస్సే. అది చేరకపోవడానికి మొదటి కారణం ఫోన్ నంబరు. టికెట్ ఏజెంటు బుక్ చేసినప్పుడు చాలాచోట్ల తన నంబరే ఇస్తాడు. ఎయిర్‌లైన్ పంపిన సందేశం అతని ఫోన్‌లో వందల సందేశాల మధ్య పడి ఉంటుంది. ప్రయాణికుడి నంబరు అడిగి, అతను ఒప్పుకుంటే బుకింగ్‌లో ఎక్కించాలని ప్రపంచ ఎయిర్‌లైన్ల సంఘం అయాటా చేసిన తీర్మానం 830డి ఏజెంట్లకు చెబుతోంది. అయినా అడగనివాళ్లు ఉన్నారు. మీరు ఏజెంటు దగ్గర టికెట్ తీసుకుంటే, ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్ కొట్టి అక్కడ ఏ నంబరు ఉందో చూసి, మీది కాకపోతే మార్చేయండి. రెండు నిమిషాల పని.

రెండో కారణం పంపేవాళ్ల వైపు ఉంటుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం సంస్థలు పంపే ఎస్సెమ్మెస్ నమూనాను ముందే డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో ఎక్కించాలి. నమోదు కాని వాక్యాన్ని టెలికాం కంపెనీలు ఆపేస్తాయి. 2024 జూన్‌లో జరిగినట్టు ఉన్నట్టుండి టెర్మినల్ మూతపడితే, ఆ క్షణాన కూర్చుని కొత్త వాక్యం రాస్తే అది వెళ్లదు. "మీ విమానం ఫలానా టెర్మినల్ నుంచి" అన్న నమూనా విమానం నంబరుకు, టెర్మినల్‌కు ఖాళీలతో, ప్రతి భాషలో ఒకటి చొప్పున, పని మొదలుకాకముందే నమోదై ఉండాలి.

తెలుగులో పంపేటప్పుడు ఇంకో లెక్క ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 స్థానాలు ఉంటే, యూనికోడ్ తెలుగుకు 70 మాత్రమే. గుణింతం గుర్తుకొకటి, పొల్లుకొకటి చొప్పున లెక్క పడుతుంది. "టెర్మినల్" అన్న మాట ఒక్కటే 9 స్థానాలు తింటుంది. 70 దాటితే సందేశం ముక్కలవుతుంది, ముక్కకు 67 మిగులుతాయి, ఖర్చు పెరుగుతుంది. అందుకే కొందరు తెలుగు మానేస్తారు. మానక్కర్లేదు. "ఢిల్లీ: మీ విమానం టెర్మినల్ 1 నుంచి. టెర్మినల్ 2 మూసేశారు." ఇది 58 స్థానాలు. మిగిలిన 12లో విమానం నంబరు పడుతుంది. "ప్రియమైన ప్రయాణికులారా" అని మొదలుపెడితే మాత్రం దాదాపు మూడో వంతు చోటు అక్కడే పోతుంది. ఢిల్లీలో చదువుకునే కొడుకు దగ్గరికి వెళ్లొచ్చే నాన్నకు ఆ 58 స్థానాలు ఇంగ్లిష్ పేరా కన్నా ఎక్కువ పనిచేస్తాయి.

ఎప్పుడు పంపాలి? తేదీ ఖాయం కాగానే ఒకటి, వారం ముందు ఒకటి, 24 గంటల ముందు ఒకటి, బయల్దేరే సమయానికి నాలుగైదు గంటల ముందు ఒకటి. నెల ముందు పంపినది ఎవరికీ గుర్తుండదు. చివరిదే కారెక్కే ముందు చదివేది. నాలుగింటిలోనూ వాక్యం ఒకటే ఉండాలి. మాటలు మారిస్తే మళ్లీ ఏదో మారిందనుకుంటారు.

అర్ధరాత్రి సంగతి వేరుగా చెప్పాలి. "15వ తేదీ నుంచి టెర్మినల్ 1" అని ప్రకటిస్తే, 15న 00:30కి విమానం ఉన్నవాళ్లు 14 రాత్రి తొమ్మిదికే బయల్దేరతారు. వాళ్ల మనసులో అది ఇంకా పద్నాలుగో తేదీ ప్రయాణమే. నేరుగా పాత టెర్మినల్‌కి వెళ్తారు. అందుకే తేదీని పట్టుకుని చెప్పకూడదు, విమానాన్ని పట్టుకుని చెప్పాలి. మార్పు రోజున అర్ధరాత్రి నుంచి తెల్లారి ఆరింటి దాకా ఉన్న విమానాల జాబితా తీసి, ఆ ప్రయాణికులకు ఫోన్ చేసి చెప్పడం వృథా ఖర్చు కాదు. గల్ఫ్ విమానాలు కూడా కొన్ని ఆ వేళల్లో ఉంటాయి.

విమానం నంబరులోనే కబురు పెట్టడం నాకు బాగా నచ్చిన పద్ధతి. టెర్మినల్ 2 తిరిగి తెరిచినప్పుడు ఎయిర్ ఇండియా అక్కడికి మార్చిన దేశీయ విమానాలకు 1తో మొదలయ్యే నాలుగంకెల నంబర్లు ఇచ్చింది. 2019లో ఇండిగో ఢిల్లీ టెర్మినల్ 3కి కొన్ని విమానాలను మార్చినప్పుడు వాటికి 5000 వరుస నంబర్లు పెట్టింది. టికెట్ కాగితం నలిగినా, ఏజెంటు వెబ్‌సైట్ పాత టెర్మినలే చూపిస్తున్నా నంబరు మారదు కాబట్టి దాన్ని చూసి సరిచూసుకోవచ్చు. టెర్మినల్ 2ను తెరిచిన అక్టోబరు 26 కూడా తెలివైన ఎంపిక. శీతాకాలపు విమాన వేళలు అక్టోబరు చివరి ఆదివారం మొదలవుతాయి, ఆ ఏడాది అది 26. వేళలు ఎలాగూ మారే రోజున టెర్మినల్ కూడా మారితే, అన్ని బుకింగ్ వ్యవస్థల్లోకీ ఒకేసారి కొత్త వివరం ఎక్కుతుంది. సీజను మధ్యలో మారిస్తే ఎక్కడో ఒక వెబ్‌సైట్ పాతదాన్నే పట్టుకుని కూర్చుంటుంది.

బోర్డుల దగ్గర ఎక్కువగా జరిగే తప్పు, పాత బోర్డు మీద తెల్ల కాగితం అతికించడం. లోపల లైటు ఉండే బోర్డయితే రాత్రి వెలిగేసరికి కాగితం వెనక పాత అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. వెలుతురు దాటనివ్వని నల్లటి వినైల్ వెయ్యాలి, లేదా ఆ పెట్టె లైటే తీసెయ్యాలి. టేపు వాడితే ఎండకు ఒక మూల లేస్తుంది, గాలికి మిగతాది పోతుంది. అక్షరం ఎత్తుకు ఒక మోటు లెక్క: 7.5 మీటర్ల దూరానికి 25 మిల్లీమీటర్లు. 30 మీటర్ల నుంచి చదవాలంటే 100 మిల్లీమీటర్లు కావాలి. తెలుగుకు ఈ కొలతను గుడి, తలకట్టు, వత్తు కలిపిన మొత్తం ఎత్తుకు వేస్తే అసలు అక్షరం చిన్నదైపోతుంది. వత్తులు వదిలేసి నడిమి అక్షరానికి వెయ్యాలి. టెర్మినల్ అంకె వీటన్నిటికన్నా పెద్దగా ఉండాలి, అంకె ఏ భాషవాళ్లకైనా అర్థమవుతుంది.

"అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న వాక్యానికి బోర్డులో సగం ఇవ్వడం మాత్రం అన్యాయం. మూసిన మరుగుదొడ్డి మీద రాయాల్సింది తెరిచి ఉన్నది ఎటు ఉంది, ఎన్ని నిమిషాల నడక, వీల్‌చైర్ పడుతుందా అన్నది. పని జరిగే చోటు చుట్టూ కట్టే రేకు గోడ వెనకకు లిఫ్టు పోతే, మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లకు ఇంకో దారి ఆ గోడ మీదే రాసి ఉండాలి. రాత్రి కాంట్రాక్టరు గోడను పది అడుగులు జరిపితే పొద్దునకల్లా బాణం గుర్తు తప్పు దిక్కు చూపిస్తుంది. రోజూ మొదటి రద్దీకి ముందు ఒక మనిషి పెద్ద సూట్‌కేసు లాక్కుంటూ కారు దిగే చోటు నుంచి గేటు దాకా నడిచి చూడాల్సిందే. చాలా విమానాశ్రయాల్లో ఇప్పుడు సాధారణ ప్రకటనలు మైకులో వినిపించవు, కాబట్టి కంటికి కనిపించేదే ఆధారం.

ప్రయాణికుడు దారి అడిగేది ఎక్కువగా ట్రాలీలు తోసే అబ్బాయిని, ఊడ్చే అమ్మను, గుమ్మం దగ్గరి జవానును. వాళ్లందరికీ ఒకటే జవాబు జేబులో పట్టే కార్డు మీద ఇవ్వాలి, రాత్రి షిఫ్టుకు కూడా. క్యాబ్ యాప్‌లలో, మ్యాపుల్లో గుర్తు మార్పించే పని ఒక మనిషికి పేరు పెట్టి అప్పజెప్పాలి. అందరి పనీ అనుకుంటే ఎవరూ చెయ్యరు.

శంషాబాద్‌లో 2018 అక్టోబరులో అంతర్జాతీయ బయల్దేరే ప్రయాణాలకు విడిగా తాత్కాలిక టెర్మినల్ తెరిచారు. ఏటా 1.2 కోట్ల మందికి కట్టిన విమానాశ్రయాన్ని 3.4 కోట్లకు పెంచే పని అప్పుడు నడుస్తోంది. మన దగ్గర అమెరికా వెళ్లే పిల్లను సాగనంపడానికి రెండు కార్ల నిండా జనం వస్తారు. టికెట్ ఉన్న పిల్లకు కబురు అందినా, వెనక కారు నడిపే బాబాయికి అందదు. ఇలాంటిచోట సందేశం వాట్సాప్‌లో యథాతథంగా పంపుకునేలా, ఒకే బొమ్మలో, దిగాల్సిన చోటు మ్యాపు లింకుతో ఉండాలి. ఆ బొమ్మ మీద ఎప్పటిదాకా చెల్లుతుందో తేదీ తప్పనిసరి. లేకపోతే రెండేళ్ల తర్వాత కూడా గ్రూపుల్లో తిరుగుతుంది.

విశాఖలో 2023 నవంబరు నుంచి నేవీ రన్‌వే పనుల కోసం రాత్రిపూట విమానాలు ఆపినప్పుడు టెర్మినల్ మారలేదు, వేళలు మారాయి. అలాంటప్పుడు విమానాశ్రయం కన్నా ఎయిర్‌లైన్ మాటే ముఖ్యం: రాత్రి విమానం రద్దయిందా, పగటికి జరిగిందా, డబ్బు వెనక్కి ఎలా వస్తుంది.

మీరు ప్రయాణికులైతే: ముందురోజు ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైట్‌లో టెర్మినల్ చూడండి, ఇంటి నుంచి కదిలే ముందు మళ్లీ చూడండి. డ్రైవరుకు "ఎయిర్‌పోర్ట్" అనకుండా అంకెతో చెప్పండి. ఢిల్లీలో విమానం మారాల్సి ఉండి రెండు టికెట్లూ విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమైనా రెండో ఎయిర్‌లైన్‌కు బాధ్యత ఉండదు. సామాను తీసుకుని, రోడ్డు దాటి, మళ్లీ చెకిన్ చేసి, తనిఖీ దాటాలి. దేశీయం నుంచి అంతర్జాతీయానికి టెర్మినల్ మారాలంటే నేనైతే ఐదు గంటలకు తగ్గించను.

పని పూర్తయ్యాక ఇదంతా వెనక్కి చెయ్యాలి. హైదరాబాద్‌లో 2022 నవంబరు 28న అంతర్జాతీయ బయల్దేరే ప్రయాణాలు ప్రధాన టెర్మినల్‌కి తిరిగొచ్చాయి. నాలుగేళ్లు తాత్కాలిక భవనానికి అలవాటుపడిన డ్రైవర్లకు ఆ రోజు నుంచి అదే పాత సమాచారం. తాత్కాలిక బోర్డులు ఎన్ని పెట్టారో మొదటి రోజు నుంచే పట్టీ రాసి పెట్టుకోవాలి, తీసేటప్పుడు ఒక్కోటీ కొట్టేయాలి. మూసిన గుమ్మం దగ్గర కనీసం రెండు వారాలు, రాత్రి కూడా, దారి చెప్పే మనిషిని నిలబెట్టాలి.