మా వాడు కాగితం మీద ఇంట్లోనే ఉన్నాడట

బడి జాబితాలో మా చిన్నబ్బాయి గురించి తప్పుగా ఉన్న మాట సరిచేసిన కాగితం నిన్న సాయంత్రం చేతికి వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాక రాస్తే మరీ మర్యాదగా రాస్తానని ఇప్పుడే కూర్చున్నాను.

మాది విశాఖలో గోపాలపట్నం. మా చిన్నబ్బాయికి 14 ఏళ్లు నిండాయి. మేధో వైకల్యం, సదరం పత్రంలో, అంటే వైకల్య ధ్రువీకరణ పత్రంలో, 65 శాతం. ఇంటికి దగ్గరలోని హైస్కూలులో ఎనిమిదో తరగతి. ఇలాంటి పిల్లలకు విడిగా నేర్పే భవిత కేంద్రం అదే ఆవరణలో ఉంది. ప్రార్థన, ఆటలు, బొమ్మల తరగతి అందరితో కలిసి. మిగతా సమయమంతా భవిత మేడం దగ్గర. చిల్లర లెక్కపెట్టడం, గడియారం చూడడం, పేరులో మొదటి రెండక్షరాలు రాయడం అక్కడే నేర్చుకున్నాడు. వారానికి ఒకరోజు ఫిజియోథెరపిస్టు వస్తారు.

ఈ కేంద్రాన్ని ఎత్తివేసి ఎన్‌ఏడీ కూడలి అవతల ఉన్న మరో హైస్కూలులో కలిపేస్తారని బడి తెరిచిన వారానికే తెలిసింది. తల్లిదండ్రుల అభిప్రాయం తీసుకుంటామని సమావేశం పెట్టారు. తొమ్మిది మందిమి వెళ్లాం. అధికారి గంట ఆలస్యంగా వచ్చి, ‘నాలుగు కిలోమీటర్లే కదా’ అన్నారు.

నేను ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. కొలత తీసుకోకుండా కత్తెర పట్టను. అందుకే ముందు రోజే వాణ్ణి వెంటబెట్టుకుని ఆ బడి గేటు దాకా వెళ్లి వచ్చాను. బస్సు స్టాపుకు నడక, బస్సు కోసం ఎదురుచూపు, దిగాక రోడ్డు దాటడం, అన్నీ కలిపి ఒక వైపుకే గంటా ఐదు నిమిషాలు. లారీ హారన్లకు వాడు రెండు చెవులూ మూసుకుని రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. ఆ మాటే చెప్పాను. అధికారి విసుక్కోలేదు, నవ్వారు. ‘హైస్కూలు పిల్లలకు ఏ ఇబ్బందీ లేదమ్మా. ఎనిమిది నుంచి పది వరకు ఈ కేంద్రానికి వచ్చేవాళ్లు సున్నా’ అన్నారు.

ఆ సున్నా నా పక్కనే యూనిఫాం వేసుకుని కూర్చుని ఉంది.

జాబితా నా ముందుకు తోశారు. మా వాడి పేరు ఎదురుగా ‘గృహ ఆధారిత విద్య’ అని ఉంది. అంటే బడికి రాలేని పిల్లవాడు, టీచరే ఇంటికి వెళ్లి చెబుతారు అని. రోజూ బడికి వస్తున్నాడు సార్ అంటే, పాత కట్ట విప్పించి ఒక కాగితం తీశారు. 2020లో బడులు మూసి ఉన్నప్పుడు, పాఠాలు ఇంటికే వచ్చి చెబుతారంటే స్కూటర్ సీటు మీద పెట్టి సంతకం చేసిన కాగితం అది. తర్వాత బడులు తెరిచారు, వాడు వెళ్తూనే ఉన్నాడు. కానీ ఏటేటా జాబితాలో ఆ మాట మాత్రం కదలలేదు. సంతకం నాదే. అందరూ దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. వెనక నుంచి ఒక పెద్దాయన, ‘చదివి పెట్టాల్సింది కదమ్మా’ అన్నారు. కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఉక్కపోత వల్ల అనుకున్నారో ఏమో.

ఇక ఆ మాట మార్పించడం. హెడ్మాస్టరు గారు పైనుంచి ఉత్తర్వు కావాలన్నారు. పైవాళ్లు, కంప్యూటర్లో మార్చాల్సింది బడివాళ్లే అన్నారు. మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. మూడోసారి ఒక గుమాస్తా, ‘14 నిండాయిగా, ఇక ఉచిత విద్య హక్కు వర్తించదు’ అని ఫైలు మూసేశాడు. సగం నిజం చెప్పేవాళ్లతోనే అసలు ప్రమాదం. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే, నిజమే. కానీ 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా, ఇంటి దగ్గరి బడిలో గానీ కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య హక్కు అని అందులో రాసి ఉంది. ఇంటి దగ్గర చదువు కూడా 2012లో తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇచ్చిన ఎంపికే, బడి నుంచి పంపేయడానికి దారి కాదు. ఇవన్నీ చెబితే, ‘అది ఢిల్లీ చట్టమమ్మా’ అన్నాడు. ఢిల్లీ చట్టం విశాఖకు వర్తించదా బాబూ అని అడిగాను. పక్క కుర్చీలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. నేను చదివింది పదో తరగతే అని ఇక్కడ గర్వంగానే రాస్తున్నాను.



సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాను. హాజరు పట్టీ ఫోటోలు, సదరం పత్రం నకలు జతచేసి, రసీదు తీసుకున్నాను. పిల్లల్ని ఇలాంటి చోట్లకు తీసుకెళ్లవద్దని చాలామంది అంటారు. నేను మాత్రం తీసుకెళ్లండి అంటాను. కళ్ల ముందు కూర్చున్న పిల్లవాణ్ణి సున్నా అనడానికి కొంచెం గట్టి గుండె కావాలి. మా వీధి నాయకుడి లాంటివాళ్లను మాత్రం దగ్గరికి రానివ్వకండి. ‘నేను చూసుకుంటా’నని మా వాడి భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

పదకొండు రోజులకు హెడ్మాస్టరు గారే పిలిచారు. జాబితాలో ఆ మాట మార్చారు. మా వాడి పేరు వెతుకుతుంటే అలాగే కాగితం మీద ఇంట్లో ఉండిపోయిన మరో ఇద్దరు బయటపడ్డారట. ఒకమ్మాయి తొమ్మిదో తరగతి, ఇంకో అబ్బాయి పది. వాళ్ల తల్లులకు కూడా ఆ స్కూటరూ ఆ కాగితమూ గుర్తొచ్చాయి. ఇప్పుడు సున్నా కాదు, ముగ్గురు. ఈ విద్యా సంవత్సరానికి కేంద్రాన్ని ఇక్కడి నుంచి కదిలించబోమని చెప్పారు, నోటిమాటగా. రాతలో ఇవ్వమని అడిగితే ‘చూద్దాం’ అన్నారు.

ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు మాత్రం మంగళవారం నుంచి శుక్రవారానికి మార్చారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. శుక్రవారం నాకు జాకెట్లు అందించే రోజు.