ప్లగిన్ ఆబ్జెక్ట్‌ని ఎవరు తయారు చెయ్యాలి?

ప్లగిన్ ఫ్రేమ్‌వర్క్ (అసలు ప్రోగ్రామ్‌కి విడి కోడ్ ముక్కలు తగిలించేది), డిపెండెన్సీ ఇంజెక్షన్ కంటైనర్ (ఆబ్జెక్ట్‌లు చేసి వాటికి కావలసినవి అందించేది) రెండూ ఒకే ప్రాజెక్టులో పెడితే మొదటి గొడవ ఇదే. ఆబ్జెక్ట్‌లు తయారు చెయ్యడం నా పనంటే నా పనని రెండూ పట్టుబడతాయి.

మాది రుషికొండ దగ్గర చిన్న ఆఫీసు, రొయ్యల ఎగుమతి కంపెనీలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఒకరికి కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) లెక్కన రేటు, ఇంకొకరికి ఇన్వాయిసే వేరే రకం, అందుకే అసలు కోడ్ ముట్టుకోకుండా కస్టమర్‌కో ప్లగిన్ రాస్తాం. కోడ్ జావా, కంటైనర్‌గా స్ప్రింగ్, ప్లగిన్ ఫ్రేమ్‌వర్క్‌గా పీఎఫ్‌ఫోర్‌జే (PF4J) వాడతాం.

పీఎఫ్‌ఫోర్‌జే మామూలుగా ఖాళీ కన్‌స్ట్రక్టర్ పిలిచి ఆబ్జెక్ట్‌ని తనే చేసేస్తుంది. ఆ సంగతి స్ప్రింగ్‌కి తెలీదు కాబట్టి స్ప్రింగే నింపుతుందని ఆటోవైర్డ్ అని రాసుకున్న ఫీల్డులన్నీ నల్‌గానే, అంటే ఖాళీగానే ఉంటాయి. దీనికి మందు తేలికే: పీఎఫ్‌ఫోర్‌జేలో ఆబ్జెక్ట్‌లు చేసే భాగం, ఎక్స్‌టెన్షన్ ఫ్యాక్టరీని మనమే రాసి ఆ పని స్ప్రింగ్‌కి అప్పజెప్పాలి.

కానీ చాలామంది ఇక్కడితో ఆగిపోయి ప్లగిన్ల బీన్లన్నీ (స్ప్రింగ్ చూసుకునే ఆబ్జెక్ట్‌లు) మెయిన్ కంటైనర్‌లోనే కుమ్మరిస్తారు, అది నాకు అస్సలు నచ్చదు. రెండు ప్లగిన్లలో ఒకే పేరుతో బీన్ ఉంటే ఏం చేస్తారు? ప్లగిన్‌కో చైల్డ్ కాంటెక్స్ట్, అంటే మెయిన్ కంటైనర్ కింద ఓ చిన్న కంటైనర్ ఇవ్వండి. అద్దె పోర్షన్ లాంటిదన్నమాట, ఓనరు గారి మోటారు నీళ్లు వాళ్లు వాడుకోవచ్చు గానీ వాళ్ల వంటింట్లోకి ఓనరు తొంగిచూడడు.

అసలు జుట్టు పీక్కునేది క్లాసుల్ని మెమరీలోకి తెచ్చే క్లాస్‌లోడర్ దగ్గర. 'ఇన్వాయిస్ రైటర్‌ని ఇన్వాయిస్ రైటర్‌గా మార్చలేను' అని ఎర్రర్ వస్తుంది, పేర్లు అక్షరం తేడా లేకుండా ఒకటే! జావాకి క్లాస్ అంటే పేరు ఒక్కటే కాదు, దాన్ని ఏ లోడర్ లోడ్ చేసిందన్నది కూడా. పీఎఫ్‌ఫోర్‌జే ముందు ప్లగిన్ లోపలే వెతుకుతుంది, కాబట్టి ఇన్వాయిస్ రైటర్ లాంటి మన ఇంటర్‌ఫేస్‌లున్న జార్ ఫైలు అక్కడ కూడా ఇంకో కాపీ ఉంటే ఆ కాపీనే పట్టుకుంటుంది. బిల్డ్ చేసే టూల్ మేవెన్‌లో ఆ జార్‌కి ప్రొవైడెడ్ స్కోప్ పెడితే కాపీ వెళ్లదు, గొడవ వదులుతుంది.

ఇక నడుస్తుండగానే ప్లగిన్ తీసి కొత్తది పెట్టడం. చైల్డ్ కాంటెక్స్ట్ మూసేస్తే సరిపోదు. మెయిన్ కంటైనర్‌లో ఏదో ఒక సింగిల్‌టన్ (కంటైనర్ ఉన్నంతసేపూ ఉండే ఒకే ఒక్క ఆబ్జెక్ట్) ఆ ప్లగిన్ ఆబ్జెక్ట్‌ని ఒక లిస్టులో పట్టుకుని కూర్చున్నా, ప్లగిన్ మొదలుపెట్టిన థ్రెడ్ ఒక్కటి బతికున్నా, పాత క్లాస్‌లోడర్ మెమరీలోంచి కదలదు. హీప్ డంప్ (మెమరీలో ఉన్న ఆబ్జెక్ట్‌లన్నీ ఫైలుగా) తీసి వెతుక్కునే ఓపిక మీకుంటే చెయ్యండి. మా కస్టమర్లు రాత్రి పూట సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఏమీ అనుకోరు కాబట్టి మేం ఆ ఆప్షనే తీసేశాం.